మధ్యలో దిండు

మా మామగారు పోయారన్న కబురు నాకు నీళ్ల మీదుగా వచ్చింది. చప్టా అవతలి ఒడ్డున గొడ్లు కాసుకునే మనిషి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేకేశాడట. ఇవతలి ఒడ్డున విసురువల వేసుకుంటున్న పాళెం మనిషి ఆ కేక విని, వల అక్కడే వదిలేసి బడిదాకా పరుగెత్తుకొచ్చాడు. ముందురోజు వాగు పొంగి బస్సు ఆగిపోతే రాత్రి పాళెంలోనే ఉండిపోయిన నేను, పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. అతను గుమ్మంలో నిలబడి ఒగరుస్తూ, "మీ పెద్దాయన తెల్లారేసరికి లేడంటమ్మా" అన్నాడు. ఏడు ఆరుల దగ్గర ఆగిపోయాం.

గొడుగు కూడా తీసుకోకుండా రెండు మైళ్లు నడిచి చప్టా దగ్గరికి పోయాను. వాగుకు అడ్డంగా కట్టిన సిమెంటు దారినే మా వైపు చప్టా అంటాం. ఎండాకాలం దాని మీద మేకలు పడుకుంటాయి. కార్తీకం వస్తే వాగు దాని నెత్తినెక్కి పారుతుంది. ఆ రోజు మనిషి లోతు పారుతోంది. ఎర్రనీళ్లలో తుమ్మకొమ్మలు, ఎవరిదో సగం గడ్డివామి కొట్టుకుపోతున్నాయి. తెప్ప వేసి దాటిస్తారేమోనని పాళెం పెద్దను అడిగాను. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం మీద బతికిన మనిషి ఆ నీళ్లవంక చాలాసేపు చూశాడు. "సముద్రానికి ఒక న్యాయం ఉందమ్మా. వరదకు లేదు" అన్నాడు.

రెండు రోజులు పాళెంలో ఉండిపోయాను. ఇవతల నేను, అవతల ఆయన. నన్ను ఆ దారి దాటించడానికి ఏడు చలికాలాలు మోటారు సైకిలు నడిపిన మనిషిని సాగనంపడానికి నాకు దారి లేకపోయింది. పాళెం పెద్దగారి ఇంట్లో చూరు కింద కూర్చుని వానను తిట్టుకుంటూ ఆ రెండు రోజులూ ఆయన గురించి తలుచుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. మంచివాడు, గొప్పవాడు అని రాయడం నాకు చేతకాదు. ఆయన నాతో నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయన్ని పేరుపెట్టి గానీ వరసపెట్టి గానీ నేను పిలిచింది ఎన్నడూ లేదు. అయినా నా జన్మలో అంత మాట్లాడుకున్నది ఆయనతోనే.

పై జిల్లాలవాళ్లకు ఒక సంగతి చెబితే గానీ ఇది అర్థం కాదు. మీకు వానాకాలం వేరు, చలికాలం వేరు. మా సముద్రం ఒడ్డున ఆ రెండూ కవలపిల్లలు. దీపావళి టపాకాయలు తడవడంతో మొదలవుతుంది. తుపాను వచ్చిపోతుంది, చలి మిగులుతుంది. మళ్లీ ముసురు పడుతుంది. ముసురు విడిస్తే ధనుర్మాసం మంచు దిగుతుంది. భోగి పోతే గానీ నేల ఆరదు. ఆ మూడు నెలలూ ఊళ్లు ఊళ్లుగా ఉండవు, నీళ్ల మధ్య దిబ్బలుగా ఉంటాయి. ఎక్కడున్నవాళ్లు అక్కడే.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో. తోటపల్లి గూడూరుకు దగ్గర పల్లె. అప్పటికే నాకు టీచరు ట్రైనింగు అయింది. ఏడాది తిరక్కుండానే ఏడు మైళ్ల అవతల సముద్రం ఒడ్డు పాళెంలో ఒంటి టీచరు బడికి ఆర్డరు వచ్చింది. మా ఆయన సూళ్లూరుపేటలో ధాన్యం కొట్లో గుమాస్తా, పదిహేను రోజులకోసారి వచ్చేవారు. ఆర్డరు చూపిస్తే, అమ్మ ఎట్లా చెబితే అట్లా అన్నారు. ఆయనకు ఆ మాట చెప్పడం ఉగ్గుపాలతో వచ్చింది.

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. ఆమెకు తెలిసిన లోకంలో కోడలు గడప దాటితే ఇల్లు నిలవదు, అంతే. చాలా ఆలోచించి ఒక షరతు పెట్టింది. బస్సు నడిచినన్నాళ్లు పోవచ్చు. బస్సు ఆగిపోయాక కూడా బడి మానకుండా పోగలిగితే పోవచ్చు. ఒక్కరోజు మానితే మాత్రం ఆర్డరు కాగితం పొయ్యిలో పెట్టి, ఇంట్లో పని చూసుకోవాలి. షరతు వినడానికి న్యాయంగానే ఉంది. దీపావళి దాటితే ఆ దారిన బస్సు నడవదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, బస్సు డ్రైవరుకు అందరికంటే బాగా తెలుసు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నాకు ముందు చేసిన టీచర్లు చలికాలం వస్తే బడికి తాళం వేసి పోయేవాళ్లు. ఈసారి కూడా మూతపడితే ఆ బడినే ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. కార్తీకంలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా చూడ్డానికి వస్తారని కూడా రాశారు. పాళెం పిల్లలకు ఆ బడి పోతే ఇంకోటి లేదు. నాకు ఆ బడి పోతే వంటిల్లు తప్ప ఇంకోటి లేదు.

దీపావళి మర్నాడే బస్సు ఆగింది. ఆ సాయంత్రం నేను పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తున్నాను. తడికట్టెల పొగ ఉండబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే పని లేకపోయింది. చలికాలంలో ఆడవాళ్లకు ఆ ఒక్క సౌకర్యం ఉంటుంది.

అప్పుడు కొట్టంలోంచి మా మామగారి గొంతు వినపడింది. ఆయన మనుషులతో పెద్దగా మాట్లాడడు, బండితో, అంటే తన మోటారు సైకిలుతో మాట్లాడతాడు. అది ఊరందరికీ తెలిసిందే.

"ఏమే, రేపట్నించి పొద్దున్నే ఎనిమిదింటికల్లా మనం పాళెం దోవ పట్టాల. అక్కడ ఆయిలింజన్లు శానా ఉండాయంట. ఎవురన్నా రావాలనుకుంటే ఎనకమాల చోటుంది" అన్నాడు.

పాళెంలో ఆయిలింజన్లు ఒక్కటి కూడా లేవు. ఉన్నవి తెప్పలు, వలలు, ఎండు చేపలు.

ఆయన గురించి కాస్త చెప్పాలి. వయసులో ఉండగా బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు పని చేశాడు. తండ్రి పోతే పొలం చూసుకోవడానికి ఉద్యోగం వదిలి ఊరికి వచ్చాడు. పొలం ఆయన్ని చూసుకుంది గానీ ఆయన పొలాన్ని చూసుకోలేదని మా అత్తగారు అనేది. చుట్టుపక్కల ఊళ్లలో నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేసేవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు మద్రాసులో వేలం వేసిన మోటారు సైకిలు ఒకటి కొన్నాడు. దున్నపోతంత బండి. దాంతోపాటు ఒక రబ్బరు కోటు కూడా వచ్చింది. ఊళ్లో అందరికీ కాళ్లు, ఎద్దులు, సైకిళ్లు ఉంటే ఈయనకు ఆ బండి ఉంది.

ఇక ఆచారం. మా అత్తవారింట్లో కోడలు మామగారి ఎదుట కూర్చోదు, మాట్లాడదు, ఆయన్ని పిలవదు. ఆయనకేమన్నా చెప్పాలంటే నేను అత్తగారితో చెప్పాలి, ఆమె ఆయనతో చెబుతుంది. ముగ్గురం ఒకే వంటింట్లో ఉన్నా సరే. "చారులో ఉప్పు సాలలేదు" అని ఆయన అంటే, ఆ మాట చెవినపడ్డా నేను పడనట్టు నిలబడి, మా అత్తగారు మళ్లీ నాతో చెప్పాక ఉప్పు తెచ్చేదాన్ని. అలాంటి ఇంట్లో కోడలు మామగారి వెనక మోటారు సైకిలెక్కి పోవడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి. ఆ రాత్రి ఇల్లు పైకప్పు లేచిపోయింది.

పొద్దున్నకల్లా మా అత్తగారు సర్దుకుంది. తన మాటకు తనే కట్టుబడాల్సి వచ్చింది. బస్సు లేకపోయినా పోగలిగితే పోవచ్చని ఆమే అన్నది కదా. కానీ ఊరికే పోనివ్వలేదు. బూరుగుదూదితో మూరన్నర పొడుగు గుండ్రటి దిండు ఒకటి తనే కుట్టి, దానికి రెండు తాళ్లు పెట్టి, తెచ్చి సీటు మీద ఆయన కూర్చునే చోటుకూ నేను కూర్చునే చోటుకూ మధ్య కట్టింది. గట్టిగా లాగి చూసింది. "ఇది ఊడకూడదు" అని బండితో చెప్పింది. బండితో మాట్లాడ్డం ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరికీ అలవాటైంది.

అలా మొదలైంది మా ప్రయాణం. ముందు ఆయన, మధ్యలో దిండు, వెనక నేను. పట్టుకోవడానికి ఆయన ఒక ఇనప పిడి వెల్డింగు చేయించాడు. ఒకపక్కకు తిరిగి కూర్చునేదాన్ని కాబట్టి పోయేటప్పుడు ఉత్తరం చూసేదాన్ని, వచ్చేటప్పుడు దక్షిణం. ఎదురుగా ఏముందో నాకెప్పుడూ తెలియదు. తల తిప్పితే కనపడేది ఆయన వీపు. చలిగాలి కొట్టకుండా చొక్కా లోపల ముందూ వెనకా పాత పేపర్లు పెట్టుకునేవాడు. ఒక పేపరు అంచు కాలరులోంచి పైకి వచ్చి ఉండేది. నేను దాని మీది సగం సగం వార్తలు చదువుకుంటూ పోయేదాన్ని. ఎక్కడో ఎవరో రాజీనామా చేసేవాళ్లు. ఎందుకు చేశారో ఆయన చొక్కా లోపల ఉండిపోయేది.

ఇంట్లో నాలుగు గోడలు కాదని బయటికి వచ్చానా, ఇక్కడ ఒక వీపు, ఒక దిండు, ఒక పిడి. దారికి రెండువైపులా నీళ్లు. చేతులు కొయ్యబారిపోయేవి. మొదటి వారం నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఒక పంజరంలోంచి తీసి ఇంకో పంజరంలో పెట్టి ఊరేగిస్తున్నారనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు అనిపించిన మాట అదే.

రెండో వారంలో ఒక పొద్దున ముసురులో చలికి నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆయనకు వినపడినట్టుంది. బండి ఆపి, ఒంటి మీది రబ్బరు కోటు విప్పి హ్యాండిలుకు తగిలించాడు. "నాకు ఉడకపోస్తా ఉందే" అని బండితో అన్నాడు. కార్తీకమాసం ముసురులో ఉడకపోత. దిగి కాస్త దూరం నడిచి, వాగువైపు తిరిగి నిలబడ్డాడు. నేను కోటు తీసి వేసుకున్నాను. ఆయన వచ్చి కూర్చుని బండి తీశాడు. కొంతదూరం పోయాక నాకు ఉండబట్టలేదు. "ఎవరికన్నా జలుబు చేస్తే ఇంట్లో నన్నంటారు, తెలుసా బండీ?" అన్నాను. ఆయన వీపు కదిలింది. నవ్వాడని పేపరు గలగలను బట్టి తెలిసింది.

ఆ తర్వాత ఇద్దరికీ నోరొచ్చింది. ఆయన అన్నీ బండికి చెప్పేవాడు, నేనూ బండికే చెప్పేదాన్ని. పాళెం పిల్లల్లో ఎవరికి చదువు వస్తోంది, చప్టా మీద ఎంత నీళ్లున్నాయి, మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఎందుకు తగ్గడం లేదు, అన్నీ ఆ పాపం బండి వినేది. ప్లగ్గు తడిస్తే బండి ఆగిపోతుందని ఆయన ఒక పొడి ప్లగ్గు గుడ్డలో చుట్టి బొడ్లో పెట్టుకునేవాడు. ఒంటివేడికి అది ఎప్పుడూ వెచ్చగా ఉండేది. బండి మొరాయిస్తే తిట్టేవాడు కాదు. "తిడితే మనిషే వినడు, ఇనుమేం వింటది" అనేవాడు. నీళ్లలో దిగేముందు మాత్రం ఒడ్డున ఆగి, బీడీ ఒకటి కాల్చేదాకా నీళ్లనే చూసేవాడు. తర్వాత ఒక్క ఊపున దిగేవాడు. "ఆలోచించేది ఒడ్డునే. దిగినాక ఆలోచించకూడదు. నీళ్లలో నిలబడినోడు మునిగినోడితో సమానం" అనేవాడు.

ఒక మంచు పొద్దున ఆ మాటకే ఇంకో ముక్క చేర్చాడు. బిట్రగుంట నుంచి మళ్లీ పనిలోకి రమ్మని ఒకప్పుడు ఉత్తరం వచ్చిందట. పోదామా వద్దా అని ఒక చలికాలమంతా ఆలోచించాడట. భోగి నాటికి ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. "ఆలోచించేది ఒడ్డునే గానీ, జన్మంతా ఒడ్డునే నిలబడిపోకూడదు. తెలిసిందా బండీ?" అన్నాడు. బండికి తెలిసిందో లేదో, నాకు తెలిసింది. పాళెంలో లేని ఆయిలింజన్ల కోసం ఈయన రోజూ ఎందుకు వస్తున్నాడో కూడా తెలిసింది.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజు రానే వచ్చింది. ముందురోజు నుంచీ వాన. ఆయన ఆ రాత్రి పాళెం పెద్ద ఇంట్లోనే బస చేశారని కబురు. అంటే మేం దాటినా దాటకపోయినా ఆయన బడి ముందు కూర్చుని ఉంటారు.

మా దారిలో రెండు చప్టాలున్నాయి, ఒకటి మొదట, ఒకటి ఇంకో మైలు అవతల. మధ్యలో దారి ఎత్తుగా కట్టలాగా ఉంటుంది. మొదటి చప్టా బాగానే దాటాం. రెండో చప్టాకు ముందు కట్ట కోసుకుపోయి ఇసకమేట పడింది. చక్రం దిగబడింది. నేను దిగాను. ఆయన ఇంజను ఆగిపోకుండా రేజు పెంచి, పక్కన నడుస్తూ బండిని ఇసకలోంచి లాగి, గట్టినేల మీద నిలబెట్టి ఎక్కి కూర్చున్నాడు. రొద చెవులు పగిలేటట్టుంది. నేను చేతిలోని హాజరుపట్టీ సంచి ముందుగా నా సీటు మీద పెట్టాను, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కుదామని. స్ప్రింగు సీటు మీద బరువు పడింది. తడిసి ఉబ్బిన దిండు ఆయన వీపుకు ఒత్తుకుంది. నేనెక్కానని అనుకున్నాడు. "పోదామే" అని బండితో అని, ఒక్క ఊపున చప్టాలోకి దిగి, దాటి, అవతలి మలుపు తిరిగిపోయాడు. సంచి పోయింది, దిండు పోయింది. నేను ఉండిపోయాను.

నాలుగడుగులు పరుగెత్తాను. నోరు తెరిచాను. ఏమని పిలవాలి? పేరు పిలవకూడదు. వరసతో ఎన్నడూ పిలవలేదు. 'ఏమండీ' అని మామగారిని ఎవరంటారు? కనీసం 'బండీ' అని అరిచినా సరిపోయేది. అది నాకు తట్టేసరికి బండి మోత కూడా వినపడటం లేదు. నవ్వుకోండి. నేను కూడా తర్వాత చాలాసార్లు నవ్వుకున్నాను. ఆ పూట మాత్రం నవ్వు రాలేదు.

ముందు చప్టా, వెనక చప్టా. రెండింటి మీదా నీళ్లు పెరుగుతున్నాయి. మధ్యలో మైలు పొడుగు కట్ట, దాని మీద నేను, నాలాగే చిక్కుకుపోయిన ఒక ఎనుము. మొదటిసారి ఆ దారిని ఎదురుగా చూశాను. ఎటు చూసినా నీళ్లే, ఎక్కడో సరుగుడు తోపు నల్లటి గీతలాగా ఉంది. అక్కడ నిలబడి అనుకున్నాను, ఇది కొత్తేమీ కాదు, పెళ్లైన దగ్గర్నుంచీ నేను నిలబడింది ఇక్కడే అని. వెనక్కి పోతే ఆర్డరు పొయ్యిలోకి పోతుంది. ముందుకు పోయే దారి నన్ను వదిలేసి పోయింది. ఏడ్చాను. ఎనుము నావంక చూసి, మళ్లీ నెమరు వేసుకుంది.

అటు ఆయన రెండు మైళ్లూ బండితో చెప్పుకుంటూ పోయాడట. ఇన్‌స్పెక్టరును చూసి భయపడొద్దనీ, అడిగినదానికి నిదానంగా చెప్పమనీ. జవాబు రాకపోతే, భయంతో నోరు పెగల్లేదనుకున్నాడట. బడి ముందు ఆపి, ఎప్పటిలాగే అటు తిరిగి నిలబడి, నేను దిగడానికి కాసేపు చూశాడు. అరుగు మీద ఇన్‌స్పెక్టరుగారు, పాళెం పెద్ద, నలభైమంది పిల్లలు చూస్తున్నారు. సీటు మీద దిండూ, సంచీ ఉన్నాయి. టీచరు లేదు.

ఆయన హాజరుపట్టీ ఇన్‌స్పెక్టరుగారి చేతిలో పెట్టి, "ఇది ముందొచ్చింది సార్, టీచరమ్మ ఎనక వస్తా ఉంది" అని చెప్పి బండి తిప్పాడట. ఈ ముక్క పాళెం పెద్ద ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

నేను చూసేసరికి అవతలి ఒడ్డున బండి ఆగి ఉంది. ఆ కాస్తసేపట్లోనే నీళ్లు బండి దిగలేనంత పెరిగాయి. ఆయన బీడీ తియ్యలేదు. ఒడ్డున ఆగి ఆలోచించలేదు. సీటు మీది దిండు తాళ్లు విప్పి చంకలో పెట్టుకుని నడుములోతు నీళ్లలోకి నడిచి వచ్చాడు. నా ముందుకు వచ్చి ఆగాడు. మామగారు కోడలి చెయ్యి పట్టుకోకూడదు. తడిసిన దిండును తాడులాగా మెలితిప్పి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నావైపు చాచాడు.

"గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాడు. బండితో కాదు, నాతో. నా మొహంలోకి చూసి అన్నాడు.

దిండు పట్టుకుని ఆయన వెనకే దిగాను. నీళ్లు లాగుతున్నాయి. ఆయన అడుగు వేసి నిలదొక్కుకుని లాగితే, నేను ఒక అడుగు వేసేదాన్ని. నడిమధ్యలో నా కాలు జారింది. దిండు కుట్టు పిగిలి దూది బయటికొచ్చింది గానీ, ఆయన కొస వదల్లేదు. ఒడ్డెక్కాక ఇద్దరం కాసేపు ఊపిరి తీసుకున్నాం.

"ఒక్క కేకెయ్యకూడదా? ఎందుకు పిలవలా?" అన్నాడు.

నేను తలదించుకుని నిలబడ్డాను. ఆయనకు అర్థమైంది. నీళ్లవంకే చూస్తూ, "ఇంకోసారి అట్టా నిలబడిపోబాక. పిలువు. మోతలో నాకు వినపడదేమో, అయినా పిలువు. పిలిస్తే ఎనక్కి తిరుగుతా" అన్నాడు.

తడిసిన చీరతోనే ఆ రోజు పాఠం చెప్పాను. ఇన్‌స్పెక్టరుగారు పెద్దమనిషి, ఆలస్యం ఎందుకైందని అడగలేదు. ఇట్లాంటి రోజు కూడా బడి జరిగిందని పుస్తకంలో రాసి సంతకం పెట్టారు. బడి నిలిచింది. సాయంకాలానికి వాన తెరిపిచ్చి నీళ్లు కొంత తీశాయి, ఎట్లాగో ఇల్లు చేరాం. ఇంటికొచ్చాక మా మామగారు కొట్టంలో నిలబడి, వంటింట్లోకి వినపడేటట్టు, "ఈ పొద్దు కూడా బడి జరిగిందే" అని బండితో చెప్పాడు. మా అత్తగారు బయటికొచ్చి, చినిగిన దిండువంక చూసింది, నా చేతుల మీది ఎర్రటి చారలు చూసింది. దిండు విప్పి, దూది ఆరబెట్టి, తెల్లారేసరికి మళ్లీ కుట్టి కట్టింది. ఈసారి కుట్టు రెండు వరసలు వేసింది. ఆర్డరు కాగితం మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఇంత జరిగాక మేం నేరుగా మాట్లాడుకున్నామనుకుంటారేమో. లేదు. మర్నాడు పొద్దున్నే ఆయన, "ఏమే, చలేస్తా ఉందా?" అని బండినే అడిగాడు. నేనూ బండికే జవాబు చెప్పాను. అలవాటు అలాంటిది. నిజం చెప్పాలంటే అది మాకు సుఖంగా కూడా ఉండేది. పిలవమని ఆయన చెప్పిన మాట నాకు గుర్తుండేది గానీ, పిలవాల్సిన అవసరం మళ్లీ రాలేదు. నేను ఎక్కి పిడి మీద రెండుసార్లు తట్టేదాకా ఆయన బండి తీసేవాడు కాదు. అలా ఏడు చలికాలాలు.

రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. అప్పటికి మా దారికి కంకర పడి, వానల్లో కూడా బస్సు చాలారోజులు నడుస్తోంది. నాకు బండి అవసరం తీరిపోయింది. ఆయన మాత్రం కొట్టం పక్క గదిలో మంచం మీద చిక్కుకుపోయాడు. ఊరంతా తిరిగిన మనిషికి ఒక కిటికీ మిగిలింది. దాంట్లోంచి కనపడేది కొట్టం గోడ. ఆ గోడకు అవతల బండి.

ఆ చలికాలం నుంచి నేను రోజూ బస్సుకు పోయేముందు కొట్టంలోకి పోయి, బండి పక్కన నిలబడి చెప్పేదాన్ని. "బండీ, ఈ రోజు చప్టా మీద మోకాటిలోతే." "బండీ, మంచులో బస్సువాడు దారి తప్పి తోపులోకి పోయినాడు." "బండీ, పాళెం పిల్ల ఒకతి నెల్లూరు హైస్కూల్లో చేరింది." కిటికీకి అటువైపు ఆయన మంచం కిర్రుమనేది. సాయంత్రం వచ్చేసరికి ఎడమచేతి పిడికిలి గుండ్రంగా తిప్పి, రేజు ఇస్తున్నట్టు చూపించేవాడు. బండి స్టార్టు చేస్తున్నారా అని అడగడం అది. వారానికోసారి పక్కింటివాళ్లను పిలిచి స్టార్టు చేయించేదాన్ని. ఆ మోత ఆగేదాకా కళ్లు మూసుకుని వినేవాడు.

గదిలోకి పోయి పక్కన కూర్చుని నాలుగు మాటలు ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. రెండు రోజులు పాళెంలో కూర్చుని నన్ను నేను అడుక్కున్నదీ అదే.

రెండో రోజు పొద్దున మళ్లీ చప్టా దగ్గరికి పోయాను. నీళ్లు ఇంకా తియ్యలేదు. ముందురోజు సాయంత్రమే దహనం అయిపోయిందని అవతలివాళ్లు కేకేసి చెప్పగా తెలుసు. అవతల మలుపు అట్లాగే ఉంది, ఆ రోజు ఆయన తిరిగిపోయిన మలుపే. పక్కన ఎవరూ లేరు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను.

"మామా" అని కేకేశాను.

రెండోసారి ఇంకా గట్టిగా కేకేశాను. కొంగలు లేచి మళ్లీ వాలాయి. మలుపు దగ్గర ఎవరూ తిరగలేదు. తిరుగుతారని కాదు. అయినా చాలాసేపు అక్కడే చూస్తూ నిలబడ్డాను.

మూడో రోజు నీళ్లు తీశాయి. నడిచి ఇల్లు చేరాను. అంతా అయిపోయింది. ఆయన పరుపు, దుప్పట్లు, చాప అన్నీ ఆచారం ప్రకారం ఊరిబయట పారేసి వచ్చారు. గది కడిగేశారు. మా ఆయన అరుగు మీద చుట్టాల మధ్య ఉన్నారు. మా అత్తగారు ఒక్కతే కొట్టం గుమ్మంలో కూర్చుని ఉంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడవలేదు. కాసేపటికి ఆమే అడిగింది.

"చప్టా కాడ నువ్వు కేకేసినావంట. గొడ్లు కాసే మనిషి చెప్పినాడు. ఏమని కేకేసినావు?"

"మామా అని" అన్నాను.

ఆమె చేతివేళ్లతో గుమ్మం మట్టి గీస్తూ ఉండిపోయింది.

"ఆయన ఉన్నప్పుడు ఒక్కసారన్నా పిలిచుంటే వినుండేవాడు గదమ్మా" అంది. మళ్లీ తనే, "నేనే గదా వద్దన్నది" అంది.

నేను కొట్టంలోకి చూశాను. అన్నీ పారేసినా దిండు మాత్రం ఆమె పారెయ్యనివ్వలేదు. ఉతికి తెచ్చి, పిండి, బండి సీటు మీద మళ్లీ పాత చోటులోనే కట్టింది. రెండు వరసల కుట్టు అట్లాగే ఉంది. చినుకు పడుతోంది, ఎండ లేదు, ఆరడానికి ఇంకో వారం పడుతుంది. ముందు సీటు ఖాళీగా ఉంది, వెనక సీటు ఖాళీగా ఉంది, మధ్యలోని దిండులోంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే కారి అటూ ఇటూ రెండు సీట్ల మీదా పడుతున్నాయి.